పన్నెండో మువ్వ

చనిపోయి మూడు వారాలైన అమ్మాయి చేతి కుట్టు నా ముందు బల్ల మీద ఉంది. చిరిగిన గోనెసంచికి ఎర్ర సుతిలి తాడుతో వేసిన ఏడు కుట్లు. చివర ముడి లేదు, కొసను లోపలికి మడిచి దోపేశారు. గోడ గడియారంలో పది కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

"ఈ కుట్టు వినీతదే అన్నా," అన్నాడు మార్కండేయ. "ముడి లేకుంట గట్ల కుట్టేది ఆ పిల్ల ఒక్కతే. హమాలీలు ఈ సంచులు ముట్టుకుంటలేరు. ఇద్దరైతే పనికే వస్తలేరు. ఎవరు కుడుతున్నరో తేల్చు. నాకు అది చాలు."

మార్కండేయకు కామారెడ్డి ఊరవతల రైస్ మిల్లు ఉంది, మేం కూర్చున్నది దాని ఆఫీసులోనే. నా పేరు చక్రధర్. ముప్పై ఏళ్ళు పోలీసు శాఖలో అరిగి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, ఒక టైలర్ షాపు మీద గది తీసుకుని ఎంక్వైరీల బోర్డు పెట్టుకున్నవాణ్ణి. దయ్యం కేసు నాకు ఇదే మొదటిది. దయ్యాల మీద నమ్మకం లేకపోయినా, ఆ సంచిని ఒళ్ళోకి లాక్కున్నప్పుడు నా వేళ్ళు చల్లబడ్డ మాట నిజం.

వినీత ఈ మిల్లు ఆఫీసులో పనిచేసేది. లింగంపేట పిల్ల. చిరిగిన సంచులనూ బాయిలర్ బూడిదనూ ఊరవతల పారబోయడానికి నెలనెలా ట్రాక్టర్లకు పోసే కిరాయి చూసి మార్కండేయ ఒకరోజు విసుక్కున్నాడట. చెత్తకు కూడా ఖర్చేనా, తగ్గించే దారి చూడమన్నాడట. ఆమె నిజంగానే చూసింది. చిరిగిన సంచులు కుట్టుకు లింగంపేట, ఎల్లారెడ్డిలోని బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఇళ్ళకు పోవడం మొదలైంది. మొదటి చిరుగుకు ఎర్ర సుతిలి, రెండో చిరుగుకు పచ్చ సుతిలి, మూడోసారి చిరిగితే కోసి నేల మీద పరిచే పట్టాలు. ఊక కాల్చిన బూడిదను జల్లించి ఇటుక బట్టీకి ఇచ్చేసింది. బట్టీవాళ్ళే టిప్పర్ తెచ్చుకుని ఎత్తుకుపోతారు. జల్లెడలో మిగిలిన మేకులూ ఇనుపముక్కలూ ఒక రేకు డబ్బాలో పడతాయి, అవి పాత ఇనుముకు. రెండేళ్ళలో ఈ గేటు దాటి పారబోతకు పోయే బండే లేకుండా చేసిందా పిల్ల.

పదకొండో తారీఖు సాయంత్రం ఆమె ఆ బూడిద పోసే గుంతలోనే కాలిపోయి కనిపించింది. పైకి చల్లగా కనిపించే బూడిద మీద కాలు పెట్టి, లోపలి నిప్పులో కూరుకుపోయిందని పోలీసులు రాసుకున్నారు. నివురు గప్పిన నిప్పు అని మనం మాటవరసకు వాడతాం. ఆమెకు అది మాట కాలేదు.

నేను సంచిని కిటికీ వెలుగులో పెట్టాను. సంచి మీద మిల్లు ముద్ర నల్లరంగుతో ఉంది, కింద తారీఖు పద్నాలుగు. చిరుగు సరిగ్గా ఆ ముద్ర మధ్య నుంచే పోయింది.

"ఇటు చూడు మార్కండేయా. దబ్బనం ముద్రలోంచే దిగింది. అయినా సుతిలికి నల్లరంగు అంటలేదు. అంటే ముద్ర ఆరినంక కుట్టు పడ్డది. ముద్ర పద్నాలుగునది. పిల్ల పోయింది పదకొండున."

ఆయన పెదవి తడుపుకున్నాడు. "అంటే హమాలీలు అనేది నిజమేనా?"

"దయ్యానికి దబ్బనమెందుకు? ఇది బతికున్న చెయ్యి."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ చాలా రోజులకు నా తెలివి వినేవాడు దొరికాడు. నా భార్య మంగవ్వ ఇరవై రెండేళ్ళు బీడీలు చుట్టింది. బీడీ నడుముకు దారం రెండు చుట్లు చుట్టి, ముడి వేయకుండా కొస దోపేది. ఆమె పోయి నాలుగేళ్ళయినా, ఆకు కత్తిరించే ఆ కత్తెర చప్పుడు నాకు ఇప్పటికీ మధ్యాహ్నం పూట కునుకులో వినిపిస్తుంది. లేచి చూస్తే కింద టైలర్ గుడ్డ కోస్తుంటాడు. ఆ సంచి కుట్టు నన్ను అంతగా పట్టుకుంది అందుకే.

"ఇది బీడీ చుట్టిన చెయ్యి," అన్నాను. "కాకపోతే అందరు దారాన్ని తమ దిక్కు చుట్టుకుంటరు. ఇది అవతలి దిక్కు చుట్టింది. వినీతది ఎడమచేతి వాటమా?"

"కాదు. కుడిచెయ్యే."

"అయితే పక్కన కూసోని నేర్చుకోలే. ఎదురుంగ కూసోని నేర్చుకున్నది. ఎదుటి చెయ్యి ఎటు తిరిగితే తన చెయ్యి అటే తిప్పింది, అద్దంల చూసినట్టు. గట్ల నేర్చిన చుట్టు తిరగబడ్తది. ఇగ ఆ తిరగబడ్డ చుట్టును ఉన్నదున్నట్టు కుట్టగలిగేది లోకంల ఒక్కరే. ఆమెకు ఎదురుంగ కూసోని నేర్పిన మనిషి."

మార్కండేయ సంచి మీది కుట్టును వేలితో తడిమాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "నేర్పిన మనిషా?"

"అంతే."

ఆయన లేచాడు. నాగిరెడ్డిపేటలో రైతులు ఎదురు చూస్తున్నారని, మధ్యాహ్నం మాట్లాడుకుందామని అన్నాడు. లేస్తుంటే చొక్కా జేబులో ఏదో సన్నగా మోగింది. కారు తాళాలు అనుకున్నాను. ఆయన కారు గేటు దాటేసరికి పది పదిహేను.

నేను వెనక బూడిద గుంత వైపు నడిచాను. తెల్లవారుజామున వాన పడింది. తడిసిన బూడిద మీద నుంచి పొగలాంటి ఆవిరి లేస్తోంది. మూడు వారాల తర్వాత కూడా ఆ చోట నాకు ముక్కు మూసుకోవాలనిపించింది, వాసనేమీ లేకపోయినా. గుంత గట్టున నిలబడి ఎస్సై భీమేష్ గొడుగు మడుస్తున్నాడు. ఒకప్పుడు నా దగ్గరే పంచనామా రాయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలు వచ్చాయి కాబట్టి నా మోకాళ్ళ నొప్పుల గురించి మాత్రమే గౌరవంగా అడుగుతాడు.

"సార్, మీరు గిట్ల తిరగవద్దు. కాగితాల మీద మార్కండేయ సేటు సంతకం పెడితే ఈ కేసు బందు. పన్నెండు గంటలకు బట్టీ టిప్పర్ వస్తది, గుంత ఖాళీ అయితది. అయిపోయింది కథ."

"అంటే ఇంక గంటన్నరల ఈ గుంత ఇటుకలైతది. వినీత తల్లి వద్దని మొత్తుకుంటున్నా సరే."

"గౌరవ్వ కడుపుకోత నాకు తెల్వదా? కాలు జారింది సార్. తల్లి ఒప్పుకోదు. ఏ తల్లి ఒప్పుకుంటది?"

షెడ్డు గోడకు ఒక మేకు ఉంది, ఆ మేకుకు ఒక వెదురుకర్ర వేలాడుతోంది. నేను దాన్ని తీశాను. ఒక కొస నల్లగా మాడి ఉంది. "ఇదేందో తెలుసా నీకు?"

"కర్ర."

"వినీత కర్ర. దీన్ని నీళ్ళల్ల ముంచి బూడిదల గుచ్చేది. ఆవిరి లేస్తే అటు పోయేది కాదు, ఎవర్నీ పోనిచ్చేది కాదు. మిల్లుల ఎవర్నడిగినా చెప్తరు. నీ పంచనామా ఫోటోల ఈ కర్ర యాడున్నది?"

భీమేష్ ఫోను తీసి ఫోటోలు జరిపాడు. "మేకుకే ఉన్నది. మర్చిపోయి ఉంటది."

"రెండేళ్ళు మర్చిపోనిది ఆ ఒక్కరోజే మర్చిపోయిందా?"

"ఒక కర్ర పట్టుకోని మర్డర్ కేసు రాయమంటరా సార్? పై అధికారి నా ముఖాన కొడతడు. మీకు పనిలేక దయ్యాల ఎంబడి పడ్డరు."

నాకు మండింది. అయితే వాడి మాటలో న్యాయం కూడా ఉంది. కర్ర సాక్ష్యం చెప్పదు.

అప్పుడే అభిలాష్ వచ్చాడు. మార్కండేయ మేనల్లుడు. బుధవారం చిరిగిన సంచులు ఊళ్ళకు చేరవేసి, శనివారం బాగైనవి తిరిగి తెచ్చేది ఇతనే. నా అనుమానం పొద్దుటి నుంచీ ఇతని మీదే ఉంది. కుట్టింది ఎవరైనా, ఆ సంచులను మిల్లులోకి తెచ్చేది ఇతనే మరి.

"పదకొండున సాయంత్రం ఎక్కడున్నవ్?"

"ఎల్లారెడ్డిల. ఆడోళ్ళ దగ్గర సంచులు ఎక్కిస్తున్న. ఏడింటికి ఫోనొస్తే ఉరికొచ్చిన. కావాలంటే అక్కడ అడుగుండ్రి."

"ఆ కుట్టు సంచులు ఎన్ని దొరికినయి?"

"నాలుగే. పిల్ల పోయినంక మొదటి శనివారం హమాలీలు కట్ట విప్పితే బయటపడ్డయి. లొల్లి అయింది. అప్పటి సంది మామ కట్టలన్ని తన రూముల దింపుమన్నడు. సొంతంగ విప్పి చూసి పంపుతున్నడు. తర్వాత రెండు వారాలు ఒక్కటి గూడ రాలేదన్నడు."

అతని కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్రపోయి చాలా రోజులైన మనిషి ముఖం. "నాకు ఆ సంచులంటే భయం సార్," అన్నాడు తనంతట తానే. "బండిల వెనక్కి చూడకుంట తోలుతున్న."

నేను పక్కకు వచ్చి గౌరవ్వకు ఫోన్ చేశాను. పది నలభై. లింగంపేటలో ఇంటి ముందు కూర్చుని ఆమె బీడీలు చుడుతోందని కత్తెర చప్పుడే చెప్పింది. నేను ఎవరినో చెప్పి సూటిగా అడిగాను. "ఆ సంచులు నువ్వే కుడుతున్నవు కదా చెల్లె?"

కత్తెర ఆగింది.

"నేనే అన్నా. ఠాణాకు నాలుగుసార్లు పోయిన. నా మాట ఎవరు ఇన్లే. నా బిడ్డ తన పని తెల్వక చచ్చిందని ఊరంత అంటున్నది. నాకు అదే కడుపుల మంట. అందుకే దాని చేతిని మళ్ళ మిల్లుకు పంపిన. ఏ తప్పు చెయ్యనోడు కుట్టును చూసి ఏడుస్తడు. చేసినోడు దాస్తడు. ఎవడు దాస్తడో చూద్దామనుకున్న."

"ఆ తిరుగుడు చుట్టు ఎట్ల వచ్చింది నీకు?"

"చిన్నప్పుడు పక్కకొచ్చి కూసోమంటే కూసోకపోయేది. నీ ముఖం చూసుకుంట నేర్చుకుంట అనేది. ఎదురుంగ కూసోని అన్ని తిర్గేసి నేర్చింది. ఇప్పుడు నేను అద్దం ముంగట కూసోని దాని తీరు నేర్చుకున్న అన్నా. అద్దంల నా చేతులు దాని చేతులే అయినయి. దబ్బనం కింద పెట్ట బుద్ధి కాకపోయేది."

పోలీసు ఉద్యోగం అన్ని రకాల ఏడుపులూ వినిపించింది గానీ, ఇలాంటిది వినిపించలేదు.

"ఎన్ని సంచులు కుట్టినవు?"

"పన్నెండు. వారానికి నాలుగు. ఒక్కొక్క సంచి అంచుల దాని చిన్నప్పటి గజ్జెల మువ్వ ఒకటి పెట్టి కుట్టిన. ఇత్తడివి. ఎన్ని దొరికినయి అన్నా?"

తర్వాత చెప్తానని ఫోను పెట్టేసి ఆఫీసులోకి పరుగెత్తాను, మోకాళ్ళు తిట్టుకుంటున్నా. బల్ల మీది సంచి, దాని కింద పెట్టిన మిగతా మూడు సంచుల అంచులు కత్తితో కోశాను. నాలుగు మువ్వలు రాలాయి. పొద్దున ఇదే సంచిని ఒళ్ళో పెట్టుకుని అంత ఉపన్యాసం ఇచ్చానా, అంచు తడిమి చూడాలని మాత్రం తోచలేదు. నా వెనకే వచ్చిన భీమేష్ ఒక మువ్వను గోటితో తోశాడు. అది మోగింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తల్లి పన్నెండు పంపింది," అన్నాను. "ఇక్కడ నాలుగే. మిగిలిన ఎనిమిది వచ్చిన మాట ఎవరో దాచిండ్రు. గోనెసంచిని దాచాలంటే ఈ మిల్లుల ఒక్కటే తావు."

"బాయిలర్," అన్నాడు భీమేష్. మొదటిసారి వాడి గొంతులో పాత శిష్యుడు వినిపించాడు.

గుంత పక్కనే జల్లెడ ఉంది. దాని కింద వినీత పెట్టించిన రేకు డబ్బా. బూడిదలో రాయో ఇనుమో వస్తే బట్టీవాళ్ళు వెనక్కి పంపుతారని, ప్రతి తట్టనూ జల్లించాలనీ, మిగిలింది ఏదైనా సరే డబ్బాలో వేయాలనీ ఆమె పెట్టిన పద్ధతి. ఆమె పోయినా పద్ధతి పోలేదు. అలవాటు పడ్డ చేతులు జల్లిస్తూనే ఉన్నాయి. డబ్బాను గోనెపట్టా మీద బోర్లించాను. మేకులు, తీగముక్కలు, ఒక విరిగిన కొక్కెం. వాటి మధ్యలో నల్లగా మాడిన చిన్న చిన్న గుండ్లు. ఒకదాన్ని నేలకు రుద్దితే పసుపు రంగు బయటపడింది.

వరసగా పెట్టి చూశాం. ఏడు.

మళ్ళీ వెతికాం. జల్లెడ కన్ను వాటికంటే సన్నం, జారిపోవడానికి లేదు. ఏడే ఉన్నాయి.

బాయిలర్ దగ్గర పనిచేసే బీరయ్యను పిలిచాను. వయసు మళ్ళిన మనిషి, కనుబొమ్మలు కాలి సగమే మిగిలాయి. మువ్వలను చూసి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బీరయ్యా, సంచులు కాల్చుడు బందయి రెండేళ్ళాయె గదా. మరి ఈ రెండు వారాల్ల పొయ్యిల సంచులెవరు ఏసిండ్రు?"

ఆయన ఎస్సై వైపు చూశాడు. భీమేష్ తల ఊపాడు.

"పెద్దసారే సార్. రెండు శనివారాలు సొంతంగ చంకల పెట్టుకోని తెచ్చిండు. నన్ను చాయ తాగి రమ్మన్నడు. ఆయన మిల్లు, ఆయన సంచులు, నేనేమంట?"

"వెనుకట గూడ ఆయనే కాల్చేదా?"

"వెనుకట అయితే వెనక గోదాము సంచులు కాల్చేది. సర్కారు ముద్రవి, రేషన్ బియ్యంవి. వినీతమ్మ వచ్చినంక ఒక్క సంచి గూడ కాల్చొద్దని, ఆఖరుకు ఆ గోదాము గూడ తెరిపించి అన్ని ఏరింది. ఇన్ని రేషన్ సంచులు మన మిల్లుల ఎందుకున్నయి తాతా అని నన్నడిగింది. నాకు తెల్వదు బిడ్డా, సారునడుగు అన్న." ఆయన తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "నేనే అడుగుమన్న సార్. అది పదో తారీఖు."

భీమేష్ చేతిలో గొడుగు కిందపడింది. వాడు దాన్ని తీయలేదు. "పదకొండున ఏం జరిగింది?" అన్నాడు.

"బాయిలర్ రెండు దినాలు సాఫ్ చేసుడుకు బందున్నది. గుంతల బూడిద సల్లగుండె, నీళ్ళు గూడ కొట్టినం. ఆ దినం నాలుగింటికి మళ్ళ పొయ్యి అంటు పెట్టినం. ఎప్పుడైనా కొత్త బూడిద తొట్టి నీళ్ళల్ల పోసినంకనే గుంతకు పోతది. ఆ దినం ఆరింటికి పెద్దసార్ వచ్చి, తొట్టి వద్దు, సీదా గుంతల పొయ్యమన్నడు. బండెడు ఎర్రటి నిప్పు. పోసి నేను ఇంటికి పోయిన. అప్పటికి ఆ పిల్ల సార్ రూములనే ఉన్నది. ఇన్ని దినాలు నన్ను ఎవ్వరు అడగలే."

అడగనివాళ్ళలో భీమేష్ ఒకడు, నేనొకణ్ణి. రెండు రోజులుగా చల్లగా ఉన్న గుంతే కదా అని ఆమె కర్ర ముట్టలేదు, అలా అనుకుంటుందని తెలిసే ఆయన అందులో నిప్పు పోయించాడు. చెత్తకు ఖర్చు తగ్గించమని ఆ పిల్లను పురమాయించింది మార్కండేయే. ఆమె మరీ బాగా తగ్గించింది. దొంగ రేషన్ బియ్యం జాడ తెలియకుండా కాల్చేసి మరిచిపోదామనుకున్న సంచులను కూడా వృథా చేయొద్దని బయటికి తీసింది.

"సర్కారు సంచుల సంగతి గౌరవ్వ కూడ చెప్పింది సార్," అన్నాడు భీమేష్, నా ముఖం చూడకుండా. "బిడ్డ ఇంట్ల చెప్పిందట. దీనికి సంబంధం లేదని రాసుకోలేదు నేను."

నేను వాడిని తిట్టలేదు. తిట్టే అర్హత నాకు ఎక్కడిది? నాలుగూ ఏడూ పదకొండు. పన్నెండో మువ్వ ఎక్కడుందో నాకు అప్పుడు తెలిసింది. పొద్దున ఆయన లేస్తుంటే జేబులో సన్నగా మోగింది కారు తాళాలు కాదు. ఆఖరి సంచిని పొయ్యిలో వేసే ముందు అంచు తడిమి ఉంటాడు. నాకు తోచనిది ఆయనకు తోచింది. చిన్నపిల్ల గజ్జె మువ్వ దొరికింది. కుడుతున్నది ఎవరో మాత్రం ఎంత తన్నుకున్నా అంతుపట్టలేదు. అందుకే నన్ను పిలిచాడు. ఎవరు కుడుతున్నారో తేల్చితే చాలన్నాడే తప్ప, వినీత ఎలా చచ్చిందని ఒక్క మాట అడగలేదు. నేను కుర్చీలో వెనక్కి వాలి, వేలు పెట్టి మరీ ఇల్లు చూపించాను.

పది పదిహేనుకు బయల్దేరాడు. నాగిరెడ్డిపేట పోయే దారిలోనే లింగంపేట. గడియారం చూశాను. పదకొండు దాటి పది నిమిషాలు.

భీమేష్‌కు చెప్పనక్కర్లేకపోయింది. వాడు అప్పటికే లింగంపేట ఠాణాకు ఫోన్ చేసి గౌరవ్వ ఇంటి గుర్తులు చెబుతూ, రెండో చేత్తో జీపు తీయమని సైగ చేస్తున్నాడు. నేను గౌరవ్వ నంబరు నొక్కాను. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఎత్తారు.

"గౌరవ్వా, నేను చక్రధర్‌ను. తలుపు పెట్టుకో. మార్కండేయ వస్తే..."

అవతల ఎవరూ మాట్లాడలేదు. దూరంగా కత్తెర ఆకు కోస్తున్న చప్పుడు వినిపించింది. కర్, కర్ అని, ఏ తొందరా లేకుండా. ఆ చప్పుడు వినగానే ఆమె బతికే ఉందని నా ప్రాణం కుదుటపడింది. మరుక్షణం, ఫోనుకు బాగా దగ్గరగా, ఒక చిన్న ఇత్తడి మువ్వ మోగింది.

"నీ లెక్క తప్పలేదు అన్నా," అన్నాడు మార్కండేయ. పొద్దుటి గొంతే, అంతే మర్యాద. "ఎదురుంగ కూసోని నేర్పిన మనిషి ఈమెనే."

వెనక కత్తెర చప్పుడు ఆగిపోయింది.